ఉత్త ట్యూబు

పొద్దున్నే కాఫీ కప్పు చేతికి రాగానే మేడమ్ గారి భర్త ఫోన్లో ముందుగా చూసేది వార్తలు కాదు, వానొస్తుందా రాదా అన్నదీ కాదు. భార్య సైటేషన్లు. ఎక్కడో ఎవరో పరిశోధన వ్యాసం రాసుకుంటూ, ఈ సంగతి ఫలానా ఆవిడ ముందే చేసి చూపించింది అని ఆవిడ పేరు పెట్టారనుకోండి, అది ఒక సైటేషన్. ఆ అంకె ఆయనకి నోటికొచ్చు. ఇన్సూరెన్స్ ఏజెంటుగా రిటైరైన మనిషి. పాలసీలు చేజారాక గొప్పగా చెప్పుకోవడానికి ఆయనకి భార్య ఒక్కతే మిగిలింది.

“తెల్లారేసరికి ఇంకో ముగ్గురు పెరిగారోయ్!”

“పెరగనివ్వండి. మీ కాఫీ చల్లారిపోతోంది.”

పైకి అలా విసుక్కుంటుంది గానీ, ఆయన స్నానానికి వెళ్ళగానే ఆ ముగ్గురూ ఎవరో ఫోను తీసి చూసుకుంటుంది. ఇందులో దాచడానికేముంది, పొగడ్త చేదని ఎవరంటారు?

ఆవిడ మాలిక్యులర్ బయాలజిస్టు. కణాల లోపల జన్యువులు ఏం చేస్తున్నాయో చూడటం ఆవిడ పని. ల్యాబులో అందరికీ మేడమ్. ఉద్యోగంలో జుట్టు నెరిసింది, రిటైర్మెంటు దగ్గరపడింది. ఇప్పుడు ఆవిడ సైటేషన్లు అయిదు వేలు దాటాయని సంస్థవాళ్ళు సన్మానం తలపెట్టారు. ఆ అయిదు వేలలో నాలుగు వేల పైచిలుకు ఒకే ఒక్క వ్యాసానివి. అది కూడా మూడు పేజీల బుల్లి వ్యాసం.

దాని సంగతి కాస్త చెప్పాలి. ఒక జన్యువు పనిచేస్తోందా, నిద్రపోతోందా అని తెలియాలంటే అది పనిలో ఉన్నప్పుడు పుట్టే ఆర్‌ఎన్‌ఏని పట్టుకోవాలి. ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం, ఊరికే పాడైపోతుంది. అందుకని ముందుగా, ఏ కణంలోనైనా ఎప్పుడూ పనిచేస్తూనే ఉండే జన్యువొకదాన్ని పట్టి చూపిస్తారు. అది కనిపిస్తే శాంపిలు బాగానే ఉంది, మిగతా ఫలితాలు నమ్మొచ్చు అని. కోర్టులో సాక్షిలాంటిదన్నమాట. ఆ సాక్షిని పిలుచుకు రావడానికి రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలు కావాలి. ఆ ముక్కల జతని తయారుచేసింది మేడమ్. వేరేవాళ్ళ జతలు ఒకరోజు పనిచేస్తే ఇంకోరోజు మొరాయించేవి. మేడమ్ జత ఏనాడూ మొరాయించలేదు. ఎవరు చేసినా, ఎంత అడ్డదిడ్డంగా చేసినా, డీఎన్‌ఏని కంటికి చూపించే జెల్ పలక మీద సాక్షి తెల్లటి గీత గీసినట్టు వచ్చి కూర్చునేది. సముద్రాల అవతల ల్యాబులవాళ్ళు కూడా కళ్ళు మూసుకుని ఆ జతే వాడారు, వాడినప్పుడల్లా ఆవిడ పేరు పెట్టారు.

నిజానికి ఆవిడ ప్రాణం పెట్టింది దానికి కాదు. తెగిన కండరం మళ్ళీ ఎలా అతుక్కుంటుందో తేల్చడానికి పదేళ్ళు తల బద్దలు కొట్టుకుని పెద్ద వ్యాసం రాసింది. దాన్ని పట్టుమని పదిమంది తలుచుకోలేదు. ఆ కాస్తమందిలో ఇద్దరు ఆవిడ శిష్యులే. ఆ రోజుల్లో ఎవరైనా మూడు పేజీల వ్యాసాన్ని పొగిడితే ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. రానురాను అలవాటైంది. ఆ తర్వాత అదే గొప్పగా కనిపించసాగింది.

ఆవిడ తల్లి ప్రసూతి వార్డులో నర్సు. ఇంట్లో పిల్లలు కంచాల ముందు కూర్చోగానే చేతులు చాపాలి. ఆమె గోళ్ళు చూసి, అరచేతులు వాసన చూసి, అప్పుడు వడ్డించేది. చెయ్యి బాగాలేదంటే లేచి వెళ్ళాల్సిందే, ఏడ్చినా లాభం లేదు. మేడమ్‌కి సైన్సు కంటే ముందు ఒంటబట్టింది ఆ భయం. ల్యాబులో ఏది తప్పినా ఆవిడ అనుమానం మొదట చేతుల మీదికే పోయేది.

ఆ భయానికి తగ్గ ఆచారం ఒకటి ఈ పనిలోనే ఉంది. ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్‌ని అన్ని ట్యూబుల్లోనూ వేసి, ఒక్కదాంట్లో మాత్రం వెయ్యకుండా వదిలేస్తారు. దాన్ని వాళ్ళు ఉత్త ట్యూబు అంటారు. జెల్ మీద కనిపించేది డీఎన్‌ఏ ఒక్కటే, ఎంజైమ్ లేదు కాబట్టి అందులో ఏ గీతా రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో పాత డీఎన్‌ఏ మిగిలిపోయి కలిసిందని అర్థం. అప్పుడు మేడమ్ తీర్పు ఎప్పుడూ ఒకటే. “చెయ్యి శుభ్రంగా లేదు. పో, మళ్ళీ చెయ్యి.”

పిల్లలు మళ్ళీ చేసేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ చెయ్యగా గీత రాని రోజొకటి వచ్చేది. ఆ రోజు ఫొటో తీసుకుని, బతుకు జీవుడా అని ముందుకు పోయేవాళ్ళు. కాస్త గడుసువాళ్ళయితే ఉత్త ట్యూబు పెట్టడమే మానేశారు. “మేడమ్ జతకి కూడా అదెందుకండీ?” అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే మేడమ్ కసరాల్సింది. మురిసిపోయేది.

మానని పిల్ల ఒకతి ఉంది. రెండేళ్ళ కిందట పీహెచ్‌డీకి చేరింది. ప్రతిసారీ ఉత్త ట్యూబు పెట్టేది, చాలాసార్లు అందులో గీత వచ్చేది, వచ్చినప్పుడల్లా ఆ ఫొటోని దాచకుండా పట్టుకొచ్చి మేడమ్ ముందు పెట్టేది. ల్యాబులో వాళ్ళు ఆమెకి ‘ఉత్త ట్యూబు పిల్ల’ అని పేరు పెట్టేశారు. చేతులు కడిగి కడిగి ఆమె వేళ్ళ సందుల్లో చర్మం పగిలింది. గ్లవ్స్ మీద గ్లవ్స్ తొడిగేది.

“ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీట్లేదు మేడమ్.”

“నాకు తెలుసు. నీ చేతిలోంచి వస్తోంది.”

మొన్నొకరోజు మేడమ్ ఆమెని కూర్చోబెట్టి, కోపం లేకుండానే చెప్పింది. “కొందరి చేతికి ఈ పని రాదమ్మా. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. చక్కగా పిల్లలకి పాఠాలు చెప్పుకో, హాయిగా ఉంటావు.” ఆ పిల్ల తలూపింది. వారం తిరక్కుండా చదువు మానుకుంటానని కాగితం రాసి తెచ్చింది. దాని మీద మేడమ్ సంతకం ఒక్కటే తక్కువ. సన్మానం ముందర ఇలాంటివి ఎందుకని ఆవిడ దాన్ని పేపర్‌వెయిట్ కింద పెట్టింది. శుక్రవారం సన్మానం, సోమవారం సంతకం. తాను దయగానే చూసుకున్నానని ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది.

గురువారం వీడియో తియ్యడానికి మనుషులొచ్చారు. సభలో వెయ్యడానికి మేడమ్ స్వయంగా ఆ ప్రయోగం చేస్తూ కనిపించాలట. చుక్కలు కొలిచి పోసే పైపెట్‌ని ఆవిడ ముట్టుకుని ఏళ్ళు గడిచాయి. ఉత్త ట్యూబు పిల్లే పొద్దున్నే వచ్చి డబ్బాలో ఐసు నింపి, కావలసినవన్నీ అందులో వరసగా గుచ్చి పెట్టింది.

“ఉత్త ట్యూబు పెట్టనా మేడమ్?” అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

“ఇవాళ్టికి వద్దులేమ్మా,” అంది మేడమ్, తనూ నవ్వుతూ.

“పాపా, నీ నీడ పడుతోంది, కాస్త అవతలికి జరుగు,” అన్నాడు కెమెరామన్. ఆ పిల్ల గోడవారకి పోయి నిలబడింది. “మేడమ్, కొంచెం నవ్వుతూ పొయ్యండి. కంగారు లేదు. చేతులు పైకి... ఆఁ, సూపర్!”

లైట్ల వేడికి నుదురు చెమర్చింది. అయినా చెయ్యి వణకలేదు. ఇన్నేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదని ఆవిడకి లోలోపల గర్వంగా ఉంది. నాలుగు ట్యూబులూ నింపి మిషన్లో పెట్టింది. మధ్యాహ్నం చీకటి గదిలో ఊదా రంగు లైటు వేసి జెల్ చూస్తే నాలుగు గీతలూ ధగధగలాడుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. “చెయ్యంటే మేడమ్ చెయ్యి!” అన్నారెవరో. గుమ్మం దగ్గర నిలబడి ఆ పిల్ల కూడా పగిలిన చేతులతో చప్పట్లు కొట్టింది.

అందరూ టీకి వెళ్ళాక కళ్ళజోడు కోసం మేడమ్ వెనక్కి వచ్చింది. బల్ల మీద డబ్బాలో ఐసంతా కరిగి నీళ్ళయింది. ఆ నీళ్ళ మీద నీలం మూత ట్యూబొకటి తేలుతోంది. ఎంజైమ్. మూత చుట్టూ కంపెనీవాళ్ళు చుట్టిన ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు.

నవ్వుతూ పొయ్యమంటే నవ్వుతూ అన్నీ పోసింది, ఇది తప్ప.

అంటే నాలుగూ ఉత్త ట్యూబులే. నాలుగింటిలోనూ గీత వచ్చింది. శాంపిలు తయారుచేసింది ల్యాబులో అందరికంటే శుభ్రమని పేరున్న సీనియరు. పోసింది తన చెయ్యి. ఇక ఎవరి చేతినని తిడుతుంది?

నడవలో అడుగుల చప్పుడైంది. ఆవిడ చెయ్యి గబుక్కున నీళ్ళలోకి పోయి, ట్యూబుని తీసి కోటు జేబులో వేసేసింది. ఎందుకలా చేసిందో ఆవిడకే తెలీదు. తెలీకపోవడమేంటి, తెలుసు. దొంగతనం చేసే చేతికి ఎవరూ నేర్పక్కర్లేదు.

వచ్చింది ఆ పిల్లే, బల్ల సర్దడానికి. “ఏమైనా కావాలా మేడమ్?”

“కళ్ళజోడు.”

“మీ తల మీదే ఉంది మేడమ్.”

ఇంటికి వెళ్ళేముందు మేడమ్ తన గది తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ వ్యాసం రాసిన కాలంలో మనిషి జన్యువుల పటం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. ఇప్పుడది ఎవరికైనా అయిదు నిమిషాల పని. తన జతని టైపు చేసి వెతికింది. డీఎన్‌ఏలో ఇంకో మూల, సాక్షి జన్యువుకి ఏ పనీ చెయ్యని చచ్చు నకలు ఒకటి పడి ఉంది. తన జత దానికీ అచ్చంగా అతుక్కుంటుంది. శాంపిల్లో రవ్వంత డీఎన్‌ఏ మిగిలినా చాలు, గీత వచ్చేస్తుంది. అందుకే ఏనాడూ మొరాయించలేదు. జరగనిది కూడా కళ్ళారా చూశానని చెప్పే సాక్షి అది. నాలుగు వేలమంది దాన్ని నమ్మారు. ఆ పటం వచ్చి ఇన్నేళ్ళయినా తనకి ఈ అయిదు నిమిషాలు తీరిక దొరకలేదు. సైటేషన్లు చూసుకోవడానికి మాత్రం రోజూ దొరికింది. గదిలో ఒక్కతే ఉన్నా ఆవిడ ముఖం భగ్గుమంది.

ఇంటికి వచ్చేసరికి ఆయన కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నాడు. రేపు ముందు వరసలో కూర్చోవాలి కదా. “కోటిలా పడెయ్, ఉతకడానికి వేస్తాను,” అని జేబులు తడిమి ట్యూబు బయటికి తీశాడు. “ఇదేంటోయ్, చెవిలో వేసుకునే మందా?”

ఆవిడ మంచం మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. ఆయన విన్నాడు. చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పుతూ విన్నాడు.

“ఎవరైనా చూశారా?”

“లేదు.”

“మరింకేం? రేపొక్కరోజు గడిచిపోనీ. తర్వాత నిదానంగా ఆ పత్రికవాళ్ళకి రెండు ముక్కలు రాసి పడేద్దువుగాని. మీ వాళ్ళు ఇలాంటివి సవరించుకుంటూనే ఉంటారుగా.”

“ఆ పిల్ల సోమవారం వెళ్ళిపోతోందండీ.”

“ఏ పిల్ల?”

రెండేళ్ళలో ఆ పిల్ల ఊసు ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది. మంచి ఫలితాలు తెచ్చినవాళ్ళ పేర్లు ఆయనకి కంఠతా వచ్చు.

అన్నం ముందు కూర్చుంది. తను మొదటిసారి ఆ జతతో చేసిన రోజులు కళ్ళముందు తిరిగాయి. తన ఉత్త ట్యూబులోనూ గీత వచ్చింది. చేతులు కడుక్కుని మళ్ళీ చేసింది. మళ్ళీ వచ్చింది. ఎన్నోసారికో ఒకరోజు రాలేదు. వ్యాసంలో అచ్చయింది ఆ ఒక్కరోజు ఫొటో. మోసం చేద్దామని కాదు. చేతిని తప్పుబట్టుకోవడం అలవాటైనంతగా, చేతిలో ఉన్నదాన్ని అనుమానించడం అలవాటు కాలేదు. ఆ రోగాన్నే నిష్ఠ అని పేరు పెట్టి పిల్లలందరికీ అంటించింది.

అయినా సరే, శుక్రవారం పొద్దున ల్యాబుకి బయల్దేరినప్పుడు ఆవిడ ఏమీ తేల్చుకోలేదు. ఆయన మాటే బాగుందనిపించింది. ఒక్కరోజేగా. సభ కానిచ్చి, సోమవారం ఆ పిల్లని పిలిచి, కాగితం చింపేసి, నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ట్యూబుని మాత్రం మళ్ళీ జేబులో వేసుకుంది. చల్లగా ఉంచకపోతే ఆ ఎంజైమ్ దేనికీ పనికిరాదు. ఎప్పుడో పాడైపోయి ఉంటుంది.

మెట్లెక్కుతుండగానే, ల్యాబు సామాను లెక్క చూసే స్టోరాయన గొంతు వినిపించింది. ఫ్రీజర్ తలుపు పట్టుకుని ఆ పిల్ల మీద కేకలేస్తున్నాడు.

“కొత్తదమ్మా అది! మూత కూడా తియ్యనిది! నిన్న నా చేతుల్తో నీకిచ్చాను. సాయంత్రం లెక్కచూస్తే లేదు. గాల్లో కలిసిపోయిందా?”

“నేనే ఎక్కడో పడేసుంటానండీ,” అంటోంది ఆ పిల్ల. “ఐసునీళ్ళతో పాటు పారబోసేసుంటాను. చూసుకోలేదు.”

“చూసుకోలేదంటే ఎలా?”

ఆ పిల్ల వెనక్కి తిరిగి మేడమ్‌ని చూసింది. నవ్వడానికి ప్రయత్నించింది. “సారీ మేడమ్. నా చెయ్యి సంగతి మీకు తెలుసుగా.”

ఇంత నేరాన్ని ఇంత తేలిగ్గా నెత్తినేసుకోవడం ఈ పిల్లకి ఎవరు నేర్పారని అడిగితే చెప్పడానికి ల్యాబులో మేడమ్ పేరు తప్ప ఇంకో పేరు లేదు.

జేబులో చెయ్యి పెట్టి ట్యూబు తీసి, ఆ పిల్ల అరచేతిలో పెట్టింది.

“మీ దగ్గరుందా మేడమ్!” స్టోరాయన నీరుగారిపోయాడు. “ముందే తెలిస్తే ఈ అమ్మాయిని అనేవాణ్ణి కాదు కదండీ.”

ఆ పిల్ల దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. గోటితో పట్టీని తడిమింది. “సీలు తియ్యలేదు. నిన్న వేరేది వాడారా మేడమ్?”

“వేరేది లేదు. ఇదొక్కటే.”

“మరి గీత ఎలా వచ్చింది?”

“నీకు వచ్చినట్టే వచ్చిందమ్మా.”

ఆ పిల్లకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, తెలివైనది. ట్యూబు కేసి, దాన్ని పట్టుకున్న తన వేళ్ళ కేసి చూసుకుంది. వేళ్ళ సందుల్లో ఎర్రగా పగుళ్ళు.

“నీ చేతిలో లోపం లేదు,” అంది మేడమ్. “నా జతలోనే ఉంది. నిన్న సాయంత్రమే తెలిసింది నాకు. తెలిసి కూడా...”

“రెండేళ్ళు మేడమ్.”

గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. స్టోరాయన ఫ్రీజర్ తలుపు మెల్లగా మూసి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

“కింద సభలో అందరి ముందూ చెప్పెయ్యమంటావా?” అని అడిగింది మేడమ్.

“నన్నడుగుతారేంటి మేడమ్?”

ట్యూబుని తిరిగి ఆవిడ చేతికిచ్చి ఆ పిల్ల వెళ్ళిపోయింది. నిజమే, ఆ పిల్లని ఎందుకడిగినట్టు? వద్దంటుందేమో, పరవాలేదంటుందేమో అని. అంత సిగ్గులోనూ ఆవిడ బుద్ధి తప్పించుకునే దారే వెతుక్కుంది.

హాలు కిటకిటలాడుతోంది. తెర మీద వీడియో వేశారు. మేడమ్ నవ్వుతూ పోస్తోంది, ఆవిడ చేతులు గోడంత పెద్దవై కనిపిస్తున్నాయి. నాలుగు గీతలూ నిలువెత్తున వెలిగేసరికి చప్పట్లు మోగిపోయాయి. డైరెక్టరుగారు సైటేషన్ల అంకె చదివి, ఈ సంస్థకి ఇంతకన్నా ఏం కావాలి అని కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో కొత్త చొక్కాలో ఆవిడ భర్త. వెనక తలుపు పక్కన, భుజాన సంచితో ఆ పిల్ల.

మేడమ్ మైకు ముందుకొచ్చింది. రాసుకొచ్చిన ఉపన్యాసం మడత విప్పలేదు.

“ఇప్పుడు మీరు చూసిన ప్రయోగంలో నేను ఎంజైమ్ వెయ్యలేదు,” అంది.

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ఎంత వినయం చూడండి, ఎంత చమత్కారం అనుకున్నారు. డైరెక్టరుగారు నవ్వుతూ మళ్ళీ చప్పట్లు అందుకున్నారు. భర్త ఒక్కడే ముందు వరసలో తల వంచుకుని చొక్కా బొత్తాం సర్దుకుంటున్నాడు.

నవ్వు తగ్గేదాకా ఆవిడ ఆగింది. నీలం మూత ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది.

“నవ్వకండి,” అంది. “ఇది వెయ్యకపోతే ఆ గీత రాకూడదని, అయినా వస్తోందని, మా ల్యాబులో ఒక పిల్ల వచ్చినప్పుడల్లా తెచ్చి చూపించింది. నేను చేతులు కడుక్కోమన్నాను. రెండేళ్ళు కడుక్కుంది.”

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆ పిల్ల లోపలే ఉందో, వెళ్ళిపోయిందో తలెత్తి చూసే ధైర్యం మేడమ్‌కి లేకపోయింది. బల్ల మీది ట్యూబునే చూస్తూ, మొట్టమొదటి రోజు తన ఉత్త ట్యూబులో వచ్చిన గీత దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.